ఎన్ని రోజుల సుట్టీ

సభకు అధ్యక్షత వహించిన చెన్నకేశవరావు మాస్టారికి, వేదిక మీద ఉన్న పెద్దలకు, ఈ సినిమా తీసి నన్ను ఇంత దూరం తెచ్చి చివరికి ఈ మైకు ముందు వదిలేసిన డైరెక్టర్ సాహిత్య గారికి, ట్రాలీ ఆటో మాట్లాడుకుని మరీ రెంజల్ వైపు నుంచి బోధన్ దాకా వచ్చిన మా ఊరివాళ్లకు, మూడో వరుసలో కూర్చుని ఏం వాగుతాడో ఏమో అని కొంగు నోటికి అడ్డం పెట్టుకున్న నా భార్య గంగమణికి, ఆమె పక్కనే కూర్చుని నేను తప్పు చదివితే పట్టుకోవడానికి సిద్ధంగా ఉన్న నా బిడ్డ అంకితకు, అందరికీ నమస్కారం.

ముందే ఒక సంగతి ఒప్పుకుంటాను. ఈ ప్రసంగం సగం మా అంకితది. "బాపూ, మైకు ముంగట మనింట్ల మాట్లాడినట్టు మాట్లాడకు, పుస్తకంల ఉన్నట్టు మాట్లాడు, పెద్దోళ్లు వస్తరు" అని నాలుగు కాగితాలు రాసిచ్చింది. నేను పదో తరగతి పరీక్ష రెండుసార్లు రాసినవాణ్ని. పుస్తకం భాషలో ఎక్కడన్నా మా ఊరి మాట దొర్లితే అది నా తప్పు, మంచిగా ఉన్నదంతా ఆమెదని అనుకోండి.

ఇందాక నేను ఈ హాలు తలుపు దగ్గర నిలబడిపోతే, సంఘం కార్యదర్శి జయప్రకాష్ గారు "ఎంత వినయమో చూడండి, పిలిస్తే గానీ లోపలికి రాని మనిషి" అని మైకులో చెప్పారు. మీరంతా చప్పట్లు కొట్టారు. వినయం కాదండీ. ఏడేళ్లు జైల్లో ఉన్నవాడికి తలుపు తనంతట తాను తీసుకునే అలవాటు పోతుంది. ఎవరో వచ్చి తాళం తీస్తారు, ఎవరో వచ్చి వేస్తారు, మధ్యలో మన పనల్లా నిలబడటమే. ఇంటికొచ్చి ఆరేళ్లయింది, ఇప్పటికీ మూసిన తలుపు కనబడితే నా కాళ్లు ఆగిపోతాయి. ఇందాక కూడా గంగమణి వెనక నుంచి "నెట్టు, తెర్సుకుంటది" అని వీపులో పొడిస్తేనే వచ్చాను. ఆ చప్పట్లు ఆమెకు చెందాలి. (నవ్వులు)

తర్వాత శాలువా కప్పారు, సంతోషం. మెమెంటో చేతికిచ్చి ఫొటోగ్రాఫర్ తమ్ముడు "ఛాతీ మీదికి ఎత్తి పట్టుకోండి, ఇటు చూడండి, కదలకండి" అన్నాడు. సరిగ్గా ఈ మూడు మాటలే ఇంతకుముందు ఒకసారి విన్నాను. అప్పుడు చేతిలో మెమెంటో లేదు, నంబరు రాసిన పలక ఉంది. ఆ ఫొటోలో కూడా నేను బాగానే పడ్డానట.

సినిమా చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. సినిమా పేరు 'ఎన్ని రోజుల సుట్టీ'. జైలు నుంచి విడుదలై వచ్చిన మనిషి తన ఇంట్లో తాను మళ్లీ ఇంటివాడు కావడానికి పడే తిప్పలు, అంతే కథ. పాటల్లేవు, ఫైట్లు లేవు. అంత దూరం ఎక్కడో జరిగిన సినిమా పండగలో దానికి బహుమతి వచ్చింది, అందులో సహాయ నటుడని నాకూ ఒకటి ఇచ్చారు. ఖైదీ వేషానికి కాదు, పోలీసు వేషానికి! ఏడేళ్లు లోపలున్న మనిషికి పోలీసు వేషమేంటని అడిగితే సాహిత్య గారు ఏమన్నారో తెలుసా? "అన్నా, మీ అంత దగ్గరి నుంచి పోలీసుల్ని చూసినవాళ్లు మన జిల్లాలో దొరకరు" అన్నారు. ఆమె మా దగ్గరి ఆంధ్రావాళ్ల క్యాంపులో పుట్టిన పిల్ల, తాతలు గుంటూరు వైపు నుంచి వచ్చి కాలువ కింద భూములు చేసుకున్నవాళ్లు. ఎంత మర్యాదగా మాట్లాడుతుందో అంత సూటిగా గుచ్చుతుంది.

ఇప్పుడు అసలు కథ. దీంట్లో ఒకచోట నవ్వులు ఉండవు, అది ముందే చెప్పేసుకుని పక్కన పెడతాను.

నేను లారీ డ్రైవర్ని. నిజామాబాద్ మార్కెట్ యార్డు నుంచి పసుపు బస్తాలు ఎత్తుకుని సాంగ్లీ పోయేవాణ్ని. పదమూడేళ్ల కింద ఆ దారిలో ఒక ధాబా దగ్గర, నా బండికి అడ్డం పెట్టిన బండి తీయమంటే తీయలేదని ఇంకో లారీ మనిషితో గొడవ పడ్డాను. తాగి లేను. కోపం మీదున్నాను, అంతే. చేతిలో జాకీ రాడ్ ఉంది. ఒక్క దెబ్బే కొట్టానని కోర్టులో మా వకీలు పదే పదే చెప్పాడు. ఒక్క దెబ్బకే ఆ మనిషి పోయాడు. నా ఈడువాడు. అతనికీ ఇంటి దగ్గర పిల్లలున్నారని నాకు తీర్పు రోజు తెలిసింది. నేను శిక్ష పూర్తి చేసుకుని ఇంటికొచ్చాను, అతను రాలేదు. ఈ శాలువా కప్పినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది అతనే. ఇంతకుమించి దీని గురించి చెప్పడం నాకు చేతకాదు. మాస్టారూ, మంచినీళ్లు ఇటు జరపండి.

సరే. నేను లోపలికి పోయేనాటికి అంకితకు నాలుగేళ్లు. కేసు అక్కడెక్కడో మరాఠీ దేశంలో, లారీ యజమాని నోరు విప్పలేదు, ఊళ్లో ఎవరికీ తెలియదు. మరి ఈ రాజేందర్ ఏడీ? మా వైపు మగమనిషి నెల రోజులు కనబడకపోతే జనం వాళ్లే జవాబు చెప్పుకుంటారు. వాకిట్లోకి వచ్చిన పక్కింటామె మా అవ్వను "మీ కొడుకు దుబాయి పోయిండా?" అని అడిగింది. మా అవ్వకు అబద్ధం ఆడటం రాదు, అందుకని కొంచెం మార్చి చెప్పింది. "దుబాయి గాదు, మస్కట్" అంది. (నవ్వులు) అంతే, ఆ రోజు నుంచి నేను మస్కట్ వాసిని. విమానం కాదు కదా, విమానం నీడ కూడా నా మీద పడలేదు.

ఆ ఒక్క మాట మోయడానికి నా భార్య ఏడేళ్లు నడుం వంచింది. బీడీలు చుట్టి, నిజామాబాద్ బజార్లో గల్ఫ్ సామాన్లమ్మే దుకాణానికి పోయి, దసరాకు ఒక సెంటు సీసా, ఇంకో దసరాకు పులిబొమ్మ దుప్పటి కొనుక్కొచ్చి "మీ బాపు పంపిండు" అని బిడ్డ ముందు పెట్టేది. నేను పంపిన దుప్పటి నేనే ఏడేళ్ల తర్వాత చూశాను. బాగుంది, నాకు ఎంపిక తెలుసు. (నవ్వులు)

నాలుగో ఏట మా అవ్వ పోయింది. అంత్యక్రియలకు నన్ను ఒక్క పూట పంపారు, వెంట ఇద్దరు పోలీసులు. అందులో రామ్‌దాస్ అని పెద్దాయన, నా కథ విని, తను డ్రెస్సు వేసుకోకుండా, రెండో ఆయన్నీ వేసుకోనీయకుండా, మామూలు బట్టల్లో వచ్చాడు. ఆ మేలు నేను మర్చిపోను. మా వాకిట్లోకి వచ్చేసరికి ఊరంతా అక్కడే ఉంది. వీళ్లెవరని అడిగారు. గంగమణి శవం పక్కన ఏడుస్తూనే తల ఎత్తి "కంపెనోళ్లు, బొంబాయి ఆఫీసు నుంచి వచ్చిండ్రు" అంది. మరాఠీ మాట్లాడే ఇద్దరు మనుషులు, బొంబాయి ఆఫీసు, ఇంకేం కావాలి? మా దగ్గర మరాఠీ రానివాడెవడు? శవం లేవకముందే నలుగురు వచ్చి రామ్‌దాస్ గారి చుట్టూ చేరారు. మా ఊరి విష్ణు అన్న, అదిగో వెనక స్తంభం పక్కన దాక్కున్నాడు, ఇంటికి ఉరికి పాస్‌పోర్టు జిరాక్సు తెచ్చి ఆయన జేబులో పెట్టాడు. "సార్, డ్రైవర్ గాకున్నా సరే, లేబర్ అయినా వస్త, మీ రాజేందర్ ఉన్నకాడికే తోలుండ్రి" అని బతిమాలుకున్నాడు. (పెద్దగా నవ్వులు) విష్ణన్నా, నిజం చెప్తున్నా, నువ్వు ఇంకో పది నిమిషాలు బతిమాలితే రామ్‌దాస్ గారు నిన్ను అక్కడికే తోలుకుపోయేవాడు. నీ జిరాక్సు ఆయన పారేయలేదు, తిరిగి పోతూ జీపులో నా చేతికిచ్చి "వీడు మంచోడు, వీడికి నిజం చెప్పు ఎప్పుడన్నా" అన్నాడు. చెప్పడానికి నాకు ఈ సినిమా వచ్చేదాకా పట్టింది, ఏమనుకోకు.

ఇంకో మూడేళ్లకు విడుదలయ్యాను. గంగమణి ఒక్కతే నిజామాబాద్ బస్టాండుకు వచ్చింది. పక్కన ఒక పెద్ద అట్టపెట్టె, నైలాన్ తాడు అడ్డం నిలువు బిగించి, పైన మార్కర్‌తో నా పేరు, ఊరు, 'మస్కట్' అని రాసి ఉంది. గల్ఫ్ నుంచి వచ్చేవాళ్ల పెట్టెలు ఎట్లా ఉంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు. నేను జైలు సంచి ఒకటి భుజానికి తగిలించుకుని, ఆ పెట్టె నెత్తిన పెట్టుకుని, నా సొంత ఊళ్లోకి దిగాను. జనం ఎదురొచ్చి "మస్కట్‌ల ఎండ బాగనా?" అని అడిగారు. ఏడేళ్లు నీడపట్టున ఉండి తెల్లబడ్డ మొహం నాది. "కంపెనీ ఏసీల ఉంచింది" అన్నాను. (నవ్వులు)

ఇంటి గడప దగ్గర అలవాటు ప్రకారం ఆగిపోయాను. తలుపు లోపలి నుంచి తెరుచుకుంది. పదకొండేళ్ల పిల్ల, చేతిలో చెంబు. నేను ఎత్తుకున్న బిడ్డ కాదు, నా భుజందాకా ఎదిగిన ఎవరో. నీళ్లిచ్చి, నా మొహం చూసి, మా వైపు ప్రతి ఇంట్లో పిల్లలు వచ్చిన తండ్రిని అడిగే మొదటి మాటే అడిగింది.

"ఎన్ని రోజుల సుట్టీ?"

సెలవు ఎన్నాళ్లని. రెండు నెలలకు వచ్చేవాళ్లు, నలభై రోజులకు వచ్చేవాళ్లు ఉంటారు కదా. నేను "ఇగ పోను బిడ్డా" అన్నాను. "అందరు గట్లనే అంటరు" అని లోపలికి పోయింది.

ఆమె ఆ మాట అనేదాకా నాకు తెలియదు, నాకు కావలసింది విడుదల కాదని. విడుదల ప్రభుత్వం ఇచ్చింది. నేను ఉండిపోతానని ఆ పిల్ల నమ్మాలి, అది ఎవరిస్తారు? నా జైలు సంచి తీసి అటక మీద పడేస్తే, మర్నాటికి అది మళ్లీ తలుపు పక్కన ఉండేది. నేను పైన పెట్టడం, ఆమె దించి తలుపు దగ్గర పెట్టడం. పోయేటప్పుడు వెతుక్కోకుండా ఉంటుందని. నాలుగేళ్లు అది అక్కడే ఉంది. వచ్చిన చుట్టాలు దాన్ని దాటుకుని లోపలికి వచ్చేవాళ్లు.

ఇంట్లో నేను చేసిన ఘనకార్యాలు ఇంకా ఉన్నాయి. పొద్దున ఐదు కాగానే లేచి మంచం కాళ్ల దగ్గర నిటారుగా నిలబడేవాణ్ని. గంగమణి పొయ్యి దగ్గర నుంచే "ఎవలకు హాజరు చెప్తున్నవ్? నేనొక్కదాన్నే ఉన్న, సూసిన, కూసో" అనేది. పళ్లెం చుట్టూ చెయ్యి అడ్డం పెట్టి మూడు నిమిషాల్లో అన్నం ముగించేవాణ్ని. ఎవరి ఇంటికి భోజనానికి పిలిచినా వాళ్లు రెండో ముద్ద కలిపేసరికి నేను చెయ్యి కడుక్కుని వరుసలో నిలబడేవాణ్ని, వరుస లేకపోయినా. ఇవన్నీ సినిమాలో ఉన్నాయి. మీరు కళ్లు తుడుచుకున్న చోట్లన్నీ మా ఇంట్లో తిట్లు తిన్న చోట్లు.

సినిమాలోకి ఎట్లా వచ్చానంటే, బండి మీద వచ్చాను. జైలు నుంచి వచ్చాక నేను ట్రాలీ ఆటో నడుపుకుంటున్నాను, సాహిత్య గారి షూటింగు సామాన్లు మోయడానికి దాన్ని మాట్లాడుకున్నారు. మొదటి రోజు షూటింగులో హీరో జైలు నుంచి వచ్చి ధడాలున తలుపు తోసి ఇంట్లోకి పోయాడు. సామాన్లు దించుకుని నా దారిన నేను పోక, "మేడం, అది తప్పు. జైలు నుంచి వచ్చినోడు తలుపు తియ్యడు. నిలబడ్తడు" అన్నాను. యూనిట్ యూనిట్టంతా నా వైపు తిరిగింది. "మీకెట్లా తెలుసన్నా?" అని ఆమె అడిగింది. మస్కట్‌ల చూసిన అని చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. ఏడు ప్లస్ నాలుగు, పదకొండేళ్లు ఆ ఊరి పేరు మోసి నా మెడ పట్టేసింది. "నేను గట్లనే నిలబడ్డ మేడం" అన్నాను.

ఆమె కథ అంతా మార్చి రాసుకుంది. మా ఇంటి కథే ఎక్కువ వచ్చింది. నాకు పోలీసు వేషం, అదీ అంత్యక్రియల సీను. హీరో చెయ్యి పట్టుకుని శవం పక్కన నిలబడాలి. "గట్టిగా పట్టుకోండన్నా" అన్నారు. గట్టిగా పట్టుకోరండీ. రామ్‌దాస్ గారు ఆ రోజు పొద్దున నుంచి నా చెయ్యి అన్నదమ్ముడు పట్టుకున్నట్టే పట్టుకున్నాడు, బొటనవేలు మాత్రం మణికట్టు మీద నరం దగ్గర ఆనించి. మా వైపు మగవాళ్లు చేతులు పట్టుకుని నడవడం మామూలే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. నేనూ అట్లాగే పట్టుకున్నాను. అదొక్కటే నేను చేసింది, దానికే ఈ బహుమతి. నిజానికి సగం రామ్‌దాస్ గారిది.

ఆ రోజు అంకిత షూటింగు చూడటానికి వచ్చింది. పదిహేనేళ్లు. పొద్దుగూకి ఇంటికి పోతుంటే, ట్రాలీలో నా పక్కన కూర్చుని, రోడ్డు వైపు చూస్తూ అంది.

"అవ్వ సచ్చిననాడు గాయన గూడ గట్లనే పట్టుకున్నడు నీ చెయ్యి. నువ్వు నీళ్లు పోసేటప్పుడు గూడ ఇడువలే. కంపెనోళ్లు మనిషి చెయ్యి ఇడువరా బాపూ?"

నేను బండి పక్కకు ఆపాను. ఆమెకు తన ఎనిమిదో ఏటి నుంచే తెలుసు. ఊరు ఊరంతా పాస్‌పోర్టు జిరాక్సులు పట్టుకుని రామ్‌దాస్ గారి జేబు చూస్తుంటే, ఈ పిల్ల ఒక్కతే ఆయన చెయ్యి చూసింది. మరి ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదని అడిగాను.

"అమ్మ అన్నేసి బీడీలు చుట్టి దుప్పటి తెచ్చి నువ్వు పంపినవని చెప్తుంటే, కాదని ఎట్ల చెప్పాలె?"

అప్పుడు అర్థమైంది నాకు, తలుపు దగ్గర ఆమె అడిగిన సుట్టీ మస్కట్ సుట్టీ కాదు. ఆమెకు ఎనిమిదేళ్లప్పుడు నేను ఒక్క పూట వచ్చి, ఎవరో చెయ్యి పట్టుకుని తీసుకుపోతే వెళ్లిపోయినవాణ్ని. ఈసారి ఎప్పుడు వచ్చి తీసుకుపోతారని అడిగింది. నేనేమో ఏసీ కంపెనీ కథలు చెప్పుకుంటూ తిరిగాను. మా ఇంట్లో నటులు ముగ్గురు. వాళ్లిద్దరికీ ఏ బహుమతీ రాలేదు, అందరికంటే నాసిరకం నటుడికి వచ్చింది.

ఈ సినిమా బయటికి వస్తే మన సంగతి ఊరందరికీ తెలుస్తుంది, నీకు కాలేజీలో మాటలు పడాల్సి వస్తుంది, వద్దంటే మేడంకు చెప్పేస్తానన్నాను. "రానియ్ బాపూ. మస్కట్ మస్కట్ అని చెప్పీ చెప్పీ యాష్టకొచ్చింది" అంది. ఇంటికి పోయాక తలుపు పక్కన ఉన్న సంచి దులిపి, స్టూలు వేసుకుని, తనే అటక మీద పెట్టింది. తర్వాత సినిమాకు ఆ సంచి కావాలని సాహిత్య గారు అడిగితే, ఇచ్చి, సీను అయిపోయేదాకా సామాన్లు చూసుకునే అబ్బాయి పక్కనే కాపలా నిలబడి, చీకటి పడకముందే తెచ్చి మళ్లీ పైన పెట్టింది. మేడం, ఆ సంచి మ్యూజియంలో పెడతానని మీరు పోయినవారం అన్నారు. అడిగి చూడండి, నేను మాత్రం అడగను.

కాగితం చివరికి వచ్చాను. ఈ సభకు పిలిచిన సంఘం పెద్దలకు, ఏమీ లేని నన్ను నమ్మిన సాహిత్య గారికి, నిజం తెలిసిన మర్నాడు కూడా మా వాకిట్లోకి వచ్చి చాయ్ అడిగిన విష్ణన్నకు, మా ఊరికి, పేరుపేరునా దండం. గంగమణికి థాంక్స్ చెప్తే ఇంటికి పోయాక తిడుతుంది, అయినా చెప్తున్నా.

చివరి మాట దగ్గర ఒక చిక్కు వచ్చింది. వక్తలందరూ చివర్లో అనే మాట 'సెలవు' కదా, అంకిత కూడా మొదట అదే రాసింది. తర్వాత కాగితం చిరిగేటట్టు కొట్టేసి, దాని కింద, పుస్తకం భాష మర్చిపోయి, ఇట్లా రాసింది. చదువుతున్నాను.

"బాపూ, గీ మాట నువ్వు అనకు. దండం పెట్టి కిందికి రా. ఇంటికి పోదాం."

ఈ ముక్క నేను ఇంటి దగ్గర చదువుకోలేదండీ. చదివి ఉంటే మైకు దాకా వచ్చేవాణ్ని కాదు.

వస్తున్న బిడ్డా. ఆ తలుపు ఈసారి నేనే తీస్తాను, కాకపోతే నెట్టేదో గుంజేదో జయప్రకాష్ గారు ముందే చెప్పాలి. సభా మర్యాద తప్పకూడదు కాబట్టి, మాస్టారూ, మీ అందరి దగ్గరా సెలవు. మూడో వరుసలో ఉన్న ఆ ఇద్దరి దగ్గర మాత్రం తీసుకోను.